దంతె పట్టని హుల్డా

నుర్మెసారె సమాధుల తోటకి ముప్పై ఎనిమిదేళ్ళు నేనే, అంటే ఈ వాంబొలా, కాపలాదారుని. నాకు ముందు ముప్పై ఏళ్ళు మా నాన్న ఎడువర్ద్. ఇంత కాలంలో ఈ తోటలో నా మాట వినని మనిషి ఒక్కతే, హుల్డా. ఆవిడతో ఇరవై నాలుగేళ్ళు పోట్లాడాను. చివరికి ఆవిడ నన్నొకటి అడిగింది. సరేనన్నాను. అన్నంత తేలిక కాదని తర్వాత తెలిసింది. ఆ సంగతి రాసి పెట్టడానికే కూర్చున్నాను, లేకపోతే నాకు కాగితంతో పనేముంది.

మా ఊరివాళ్ళకి ఇసుక పిచ్చి. మా సమాధుల మీద గడ్డి ఉండదు, తెల్లటి ఇసుక ఉంటుంది. జూలైలో సమాధుల పండుగ. ముందు రోజు శనివారం ఊరు ఊరంతా చెక్క పళ్ళ దంతెలు భుజాన వేసుకుని తోటలోకి వస్తుంది. పైన్ చెట్ల నుంచి రాలిన సూదులన్నీ ఏరేసి, ఇసుక మీద దంతె లాగి చారలు తీస్తారు. ఒక్కో ఇంటికి ఒక్కో రకం చార. వెనక్కి నడుస్తూ లాగాలి, తన అడుగులు తానే చెరుపుకుంటూ బయటికి రావాలి. ఆదివారం మాత్రం దంతె ముట్టుకోకూడదు, ఆ ఇసుక మీద కాలు మోపకూడదు. పండుగ పూట దంతె లాగని సమాధి కనబడిందా, ఆ ఇంటి ఆడవాళ్ళకి ఏడాదంతా తల ఎత్తుకునే వీలుండదు.

మా చిన్న దేశంలో రాజ్యాలు ఎన్ని మారినా ఆ శనివారం మారలేదు. మా చర్చి పుస్తకంలో చూస్తే ఒకే ఇంట్లో తాత పేరు జర్మన్ దొరల అక్షరాల్లో ఉంటుంది, తండ్రి పేరు జారు చక్రవర్తి కాలపు రష్యన్ అక్షరాల్లో ఉంటుంది, స్వాతంత్ర్యం వచ్చాక పుట్టిన మనవల పేర్లు మా అక్షరాల్లో ఉంటాయి. అదీ ఇరవై ఏళ్ళ ముచ్చటే. తర్వాత రష్యావాళ్ళు వచ్చారు, ఏడాదికి జర్మన్లు వచ్చారు, మూడేళ్ళకి మళ్ళీ రష్యావాళ్ళే వచ్చి దాదాపు యాభై ఏళ్ళు కూర్చున్నారు. వచ్చిన ప్రతివాడూ మిమ్మల్ని విడిపించడానికే వచ్చామన్నాడు. మేం ప్రతివాడికీ టోపీ తీశాం, శనివారం వచ్చేసరికి దంతె లాగాం. దేవుడే లేడని చెప్పినవాళ్ళ హయాంలోనూ లాగాం.

హుల్డా ఆ ఇరవై ఏళ్ళ ముచ్చట మొదట్లో పుట్టింది. వాళ్ళ నాన్న స్వాతంత్ర్యం కోసం పోరాడినందుకు దొరల భూమిలో ముక్క ఇచ్చారు. ఆరు ఆవులు, రై గింజల చేను, బోదె పక్కన ఆవిరి స్నానాల గది. అన్న ఒస్కార్, తమ్ముడు ఎల్మార్, మధ్యలో ఈవిడ. వాళ్ళింటి చార చేపముల్లు. నడుమ ఒక గీత, దానికి అటూ ఇటూ ఏటవాలు గీతలు. అంత సూటిగా చేపముల్లు లాగగలిగింది పరగణాలో హుల్డా తల్లి ఒక్కతేననీ, ఆవిడ చెయ్యి హుల్డాకి వచ్చిందనీ మా అమ్మ చెప్పేది. పండుగ నాడు జనం వాళ్ళ సమాధి దగ్గర ఆగి చూసి మరీ వెళ్ళేవాళ్ళట.

నలభై ఒకటిలో రష్యావాళ్ళు వెళ్తూ వెళ్తూ ఒస్కార్‌ని తమ సైన్యంలోకి పట్టుకుపోయారు. తుపాకీ కూడా చేతికివ్వకుండా ఉరల్ కొండల్లో చెట్లు నరికించారు. ఆ చలికాలంలోనే ఆకలికి చచ్చాడు, ఎక్కడ పూడ్చారో దేవుడికే తెలియాలి. నలభై నాలుగులో జర్మన్లు పందొమ్మిదేళ్ళ ఎల్మార్‌ని తమ సైన్యంలోకి పట్టుకుపోయారు. అతను వాళ్ళ బూట్లతోనే పారిపోయి వచ్చి అడవిలో దూరాడు. అలాంటివాళ్ళని పైకి బందిపోట్లనే వాళ్ళం, లోపల అడవి అన్నదమ్ములనే వాళ్ళం. ఒకే తల్లి కొడుకులు ఇద్దరు, రెండు సైన్యాల్లో. ఇద్దరిలో ఏ ఒక్కడూ యుద్ధానికి వెళ్తానని వెళ్ళినవాడు కాదు.

తండ్రి జర్మన్ల కాలంలోనే పోయాడు. తల్లి నలభై ఏడు చివర్లో, చలికాలం మొదట్లో పోయింది. అంత్యక్రియలకి ఎల్మార్ రాలేకపోయాడు, వస్తాడేమోనని కాపు వేసిన రష్యా పోలీసులు మాత్రం వచ్చారు. మరుసటేడు జూలైలో, సమాధుల పండుగ నాటి సాయంత్రమే, చిత్తడి నేల అవతల నేలమాళిగలో కుక్కలు అతన్ని పసిగట్టాయి. అక్కడే కాల్చి చంపి, శవాన్ని పట్నంలో సంత జరిగే చోట మూడు రోజులు పడేశారు. పక్కన నిలబడి ఎవరు ఏడుస్తారో చూశారు. హుల్డాని పిలిపించి ఇతనెవరని అడిగితే తెలీదంది. ఏడవలేదు. పాలక్యాను పట్టుకుని ఇంటికి నడిచి వచ్చిందని ఊరంతా చెప్పుకున్నారు. అంత రాతి గుండె ఏమిటని కొందరన్నారు, అన్నవాళ్ళు ఆ మూడు రోజులూ పట్నం వైపు పోలేదు.

రాతి గుండె పెట్టుకున్నా లాభం లేకపోయింది. నలభై తొమ్మిది మార్చిలో పశువుల బండి ఎక్కించి సైబీరియా పంపారు. ఎనిమిదేళ్ళ తర్వాత వచ్చింది. ఇంట్లో ఎవరో ఉన్నారు, చేను అందరిదీ అయింది, అంటే ఎవరిదీ కాకుండా పోయింది. దూడల కొట్టంలో పని ఇచ్చి, పాలకేంద్రం పక్కన ఒక గది ఇచ్చారు.

ఆ ఏడు పండుగకి అందరి కళ్ళూ ఆవిడ మీదే. హుల్డా వచ్చింది, చేపముల్లు మళ్ళీ చూస్తామని ముసలమ్మలు సంబరపడ్డారట. శనివారం ఆవిడ రానే లేదు. ఆదివారం బ్యాండు వాయిస్తుండగా పూలగుత్తి పట్టుకుని వచ్చి, తల్లిదండ్రుల సమాధుల మీద పడిన సూదులు కూడా తియ్యకుండా, ఇసుక మీద అడుగు పక్కన అడుగు వేస్తూ ఈ చివర నుంచి ఆ చివరికి తొక్కుకుంటూ నడిచింది. తర్వాత బెంచీ మీద కూర్చుని ప్రసంగం విన్నది. సైబీరియా చలికి మతి పోయిందని జాలిపడ్డారు. ప్రతి ఏడూ అదే పని చేస్తుంటే జాలి పోయి, ఒళ్ళు బద్ధకమన్నారు, తల్లి మీద కసి అన్నారు, చివరికి పరగణా మొత్తానికి ‘మురికి హుల్డా’ అయింది.

మా నాన్న ఆవిణ్ణి పల్లెత్తు మాట అనలేదు. తోటలో చిన్న పిల్లవాడు చార తొక్కినా దంతె కర్రతో వెంటబడే మనిషి, హుల్డా వస్తుంటే పంపు దగ్గరికి వెళ్ళిపోయేవాడు. ముసలితనం అనుకున్నాను.

డెబ్బై రెండులో ఆయన పోయాడు, దంతె నా చేతికి వచ్చింది. కొత్త ఊపు మీద ఉన్నాను. ఆవిడకి చెప్పి చూశాను, కాగితం రాసి సిలువకి కట్టి చూశాను. డెబ్బై ఐదులో శనివారం నేనే ఆ రెండు సమాధుల మీదా చక్కగా దంతె లాగాను. మర్నాడు వచ్చి చూసింది. బ్యాండు వాళ్ళు, పాస్టరు, ఐదు వందల మంది జనం. బూట్లు కూడా విప్పకుండా నా చారల మీద నడిచింది. నాకు తల కొట్టేసినట్టయింది.

"సిగ్గు లేదా అత్తా? పడుకున్నది మీ అమ్మే గదా, కాలు ఎట్లా వస్తోంది?" అన్నాను అందరిలో.

"నీ దంతె నువ్వు పట్టుకుపో అబ్బాయ్," అంది. "మా అమ్మ సంగతి నాకు తెలుసు."

అప్పట్నుంచి మాకు మాటల్లేవు. పండుగ పండుగకీ ఒక తగాదా మాత్రం ఉండేది. ఆవిడ వచ్చే దారిలో బకెట్లు పెట్టేవాణ్ణి. ఎంత చిల్లర మనిషినో చూడండి.

తర్వాత తొంభై ఒకటి వచ్చింది. రష్యావాళ్ళు వెళ్ళారు, మా జెండా మాకు వచ్చింది. అప్పటిదాకా బందిపోట్లయిన వాళ్ళు రాత్రికి రాత్రి వీరులయ్యారు. మంచిదే. వాళ్ళకోసం ఒక సంఘం వెలిసింది. దానికి పెద్ద ఉర్వే, మా స్కూలు టీచరు, మనసు మంచిదే కానీ నోటికి తాళం ఉండదు. తోట గేటు పక్కన నల్లరాయి నిలబెట్టి అడవిలో చచ్చిన పదకొండు మంది పేర్లు చెక్కించింది. అందులో ఎల్మార్ ఉన్నాడు. హుల్డా వెళ్ళి ఒస్కార్ పేరు కూడా పక్కన వెయ్యమని అడిగింది. ఉర్వే ఇబ్బంది పడిపోయింది. అతను వేరే సైన్యం మనిషి కదా, ఈ రాయి మీద బాగుండదు అంది. అంతకుముందు రష్యావాళ్ళ రాయి మీద ఒస్కార్ పేరు ఉండేది, అప్పుడు ఎల్మార్ పేరు బాగుండలేదు. ఇద్దరు పిల్లల్ని ఒక్క రాయి మీద కూర్చోబెట్టడానికి ఒక్క ప్రభుత్వానికీ మనసు రాలేదు.

తొంభై ఆరులో పండుగ అయిన మూడో రోజు ఉర్వే ఫైలు పట్టుకుని తోటకి వచ్చింది. హుల్డా బెంచీ మీద ఉంది, నేను వాడిన పూలు ఏరుతున్నాను. పట్నంలో పాత కాగితాలు తెరిచారనీ, ఎల్మార్‌ని పట్టించింది ఎవరో అందులో ఉందనీ ఉర్వే చెప్పింది. అసలు పేరు లేదు, మారుపేరుతో సంతకం ఉంది. మీకేమైనా తెలుస్తుందేమో చూడండని కాగితం హుల్డా చేతిలో పెట్టింది. ఆవిడ చూడకుండానే నాకు అందించింది, కళ్ళజోడు తేలేదంటూ.

చదివాను. పండుగ రోజు పొద్దున తల్లి సమాధి మీద ఇసుకలో కొత్త బూటు గుర్తులు ఉన్నాయి, జర్మన్ సైన్యం మేకులు, ఎడమ మడమకి మేకులు లేవు, ఒక మోకాలు ఆనిన గుర్తు, ఒక అరచెయ్యి గుర్తు అని రాసి ఉంది. కింద, బూటు పొడవు దంతె పళ్ళతో కొలిస్తే తొమ్మిది అని ఉంది.

మా నాన్న దేన్నయినా దంతె పళ్ళతోనే కొలిచేవాడు. గొయ్యి వెడల్పు, పట్టిన చేప, తలుపు దగ్గర నిలబెట్టి నా ఎత్తు. ఆ వరస మళ్ళీ ఒకసారి చదివాను. ఉర్వే ఎవరంటారు ఎవరంటారు అని అడుగుతూనే ఉంది.

"ఎవరో ఏంటమ్మా, నేనే," అంది హుల్డా. "ఇంకెవర్నీ వెతక్కు."

ఉర్వే బెంబేలెత్తిపోయింది. పెద్దావిడకి ఎండ తగిలిందేమోనని నాకు సైగ చేసి, మళ్ళీ వస్తానని వెళ్ళింది. ఆవిడ గేటు దాటే దాకా చూశాను.

"మా నాన్నే గదా అత్తా," అన్నాను.

హుల్డా జరిగింది చెప్పింది. వారానికోసారి చిత్తడి నేల అంచున మోడు కింద తమ్ముడికి రొట్టె పెట్టి వచ్చేదట. అమ్మని నాన్న పక్కనే పెట్టారా, ఒకసారి వచ్చి చూస్తానని అతను చీటీ రాసి పెట్టాడు. పండుగ అయ్యి జనం సద్దుమణిగాక రమ్మని ఈవిడ జవాబు పెట్టింది. శనివారం ఎప్పట్లాగే దంతె లాగింది. తల్లి పోయాక మొదటి పండుగ, నలుగురూ చూస్తారు, ఎప్పటికంటే బాగా లాగాలని సాయంత్రం దాకా లాగిందట. ఎల్మార్ ఆగలేదు. చిన్నప్పుడు చూసినట్టు పండుగ ముస్తాబులోనే అమ్మని చూడాలనుకున్నాడో ఏమో, ఆదివారం తెల్లవారుతూనే వచ్చి వెళ్ళిపోయాడు.

"పది గంటలకి నేనొచ్చేసరికి అడుగులు, మోకాలు, చెయ్యి, అన్నీ అచ్చు గుద్దినట్టున్నాయి," అంది. "సిలువ దగ్గర గడ్డిపోచకి గుచ్చిన అడవి స్ట్రాబెర్రీలు పెట్టాడు. అమ్మకి అట్లాగే గుచ్చి తెచ్చేవాడు చిన్నప్పుడు. ఎవరూ అడక్కుండా వాటిని తీసి ఒక్కోటీ నోట్లో వేసుకున్నా, పాట పాడుతూ."

"చెరిపెయ్యాల్సింది గదా."

"పది అడుగులు అబ్బాయ్. పది అడుగులు అటూ ఇటూ తొక్కితే పోయేవి. నిలబడ్డా, గౌను అడ్డం పెట్టుకుని గంటసేపు నిలబడ్డా. చుట్టూ జనం. పండుగ పూట కన్నతల్లి సమాధి తొక్కితే ఏమనుకుంటారు? నా చేపముల్లు, అందరూ చూసే చేపముల్లు. అందరూ వెళ్ళాక చెరుపుదాంలే అనుకున్నా. ఇంతలో మీ నాన్న వచ్చాడు, టోపీ తీశాడు, వంగి చూశాడు, దంతె పక్కన పెట్టి కొలుచుకున్నాడు. ఆయనకి పిల్లలున్నారు, నువ్వు రెండేళ్ళవాడివి. గుర్తులు చూసీ చెప్పకపోతే ఆయన్ని తీసుకుపోయేవాళ్ళు. ఆయన భయపడింది తుపాకీకి. నేను దేనికి భయపడ్డాను చెప్పు? మురికిదాన్నంటారని."

ఇరవై నాలుగేళ్ళు నేను ఆవిణ్ణి అన్న మాట అదే.

మళ్ళీ తనే అంది. దంతె లాగకపోతే ఆ గుర్తులు పడేవే కావట, తొక్కుడు ఇసుకలో ఏ అడుగు ఎవరిదో ఎవడికి తెలుస్తుంది. తమ్ముడు ఆ రోజే వస్తాడని ముందే తెలిసి ఉంటే లాగేదాన్ని కాదా అని సైబీరియాలో ఎనిమిదేళ్ళు ఆలోచించిందట. "తెలిసినా లాగేదాన్నే అనిపిస్తుంది," అంది. "అదే నాకు పీకులాట."

లేచేటప్పుడు నా చెయ్యి పట్టుకుంది. "నేను పోయాక నా మీద దంతె వెయ్యకు. వేరేవాళ్ళు వేస్తే నువ్వు తొక్కు. అందరూ ఉన్నప్పుడే తొక్కు." సరేనన్నాను. మా నాన్న సంగతి ఎవరికీ చెప్పనని ఆవిడ అనలేదు కానీ, తర్వాత పదమూడేళ్ళు ఉర్వే ఎన్నిసార్లు అడిగినా చెప్పలేదు.

రెండువేల తొమ్మిది నవంబరులో హుల్డా పోయింది. గొయ్యి నేనే తవ్వాను, తల్లి పక్కన. మరుసటి జూలై నాకు ఉద్యోగంలో చివరి పండుగ. శనివారం నేను ఆ సమాధి జోలికి వెళ్ళలేదు. సాయంత్రం ఉర్వే, తన సంఘం ఆడవాళ్ళు కొత్త దంతెలు తెచ్చి, వీరుడి అక్కగారికి ఈ మాత్రమైనా చెయ్యాలంటూ మూడు సమాధుల మీదా ఇసుక పోసి చారలు తీశారు. ఎవరో ముసలమ్మ చెప్పిందట, చేపముల్లే లాగారు. తలవైపు చిన్న జెండా గుచ్చారు. ఎంత బాగా లాగారో చెప్పకపోతే అబద్ధమాడినవాణ్ణవుతాను.

ఆదివారం బ్యాండు మొదలయింది. మూడు వందల మంది ఉంటారు. మా ఆవిడ, కూతురు, అల్లుడు, మనవరాలు, అందరూ మా నాన్న సమాధి దగ్గర కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. హుల్డా ఉన్న చోటికి అది నాలుగు వరసల అవతలే. వెళ్ళకపోతే ఎవరికి తెలుస్తుంది అనుకున్నాను. అడిగిన మనిషి లేదు, విన్న మనిషిని నేనొక్కణ్ణే. ముప్పై ఎనిమిదేళ్ళు ఇసుక తొక్కినవాళ్ళని తిట్టిన నోరు నాది. వెళ్తే ఎందుకని అడుగుతారు, చెప్పాలి. చెప్తే మా నాన్న ఉన్న పేరు పోతుంది. గంటసేపు మా కుర్చీల పక్కన నిలబడ్డాను, ఆవిడ నిలబడ్డట్టే.

ఆఖరి పాట ఎత్తుకున్నారు. ఇంకాసేపట్లో అంతా వెళ్ళిపోతారు. వెళ్ళాను.

తల్లి సమాధి మీది నుంచి మొదలుపెట్టి అడుగు పక్కన అడుగు వేసుకుంటూ తొక్కాను. పది అడుగులు చాలలేదు. ఇప్పుడు మూడు సమాధులు కదా, పదహారు పట్టాయి. బ్యాండు ఒక్కో వాయిద్యమే ఆగిపోయింది. పాస్టరు పుస్తకం మూశాడు. ఉర్వే పరిగెత్తుకు వచ్చింది.

"ఏం చేస్తున్నావ్ వాంబొలా, నీకు మతి ఉందా?"

"మా నాన్న కొలిచిన అడుగులు చెరుపుతున్నానమ్మా," అన్నాను. "నలభై ఎనిమిదిలో ఆ కాగితం రాసింది ఎడువర్ద్. చెరిపెయ్యగలిగీ చెరపంది హుల్డా. ఆవిడ చెరపమంది."

మా ఆవిడ తల దించుకుంది. జనం మెల్లిగా నాలుగు వరసల అవతలికి తిరిగి మా నాన్న సమాధి వైపు చూశారు. దాని మీద శనివారం నేనే దంతె లాగాను, వెనక్కి నడుస్తూ, నా అడుగులు నేనే చెరుపుకుంటూ. చుట్టూ పూలు, మధ్యలో చారల ఇసుక, ఎక్కడా ఒక్క అడుగు గుర్తు లేదు.